పెరడు: పర్లాకిమిడిలో మా ఆడపిల్లల చోటు, కట్టుకుంటూ రాసుకున్న డైరీ

జూన్ 8

మా ఊరు పర్లాకిమిడి ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉంది. మా జిరాక్స్ షాపుకి కాలేజీ పిల్లలే ఎక్కువ వస్తారు. స్కాలర్‌షిప్ ఫారాలు, అడ్మిషన్లు, ఆధార్ ప్రింట్లు. మొన్న ఒకమ్మాయి మూడు రోజులు వరసగా వచ్చింది. మొదటి రోజు ఒక్క పేజీ జిరాక్స్, రెండో రోజు పాస్‌పోర్ట్ ఫోటోలు, మూడో రోజు షాపులో జనం పోయేదాకా ఓ మూల నిలబడి, "అప్పా, ఇన్‌స్టాలో నా ఫోటో పెట్టి ఎవరో అకౌంట్ తెరిచారు, తీసేయడం ఎలాగ" అని అడిగింది. మా వైపు అప్ప అంటే అక్క. రిపోర్టు పెట్టడానికి మాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పది నిమిషాల పనికి ఆ పిల్ల మూడు రోజులు తిరిగింది, అంతకుముందు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపిందో నేను అడగలేదు. ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "చెబితే ముందు ఫోన్ లాక్కుంటారు, తర్వాత కాలేజీ మానిపిస్తారు" అంది.

ఇలాంటి మాట ఈ సంవత్సరంలో నాకు వినపడడం ఇది నాలుగోసారి. నలుగురూ ఒకే ఊళ్లో ఉన్నారు, ఇద్దరు ఒకే క్లాసు కూడా, కానీ ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. తెలిసి ఉంటే ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు కదా అని మా వదినతో అన్నాను. వదిన ఇంట్లో కుట్టు నేర్పుతుంది, ఆదివారం పద్నాలుగు మంది దాకా వస్తారు, అందరూ పదిహేను నుంచి ఇరవై ఒకటి లోపు వాళ్లే. "నీకు ఫోన్ల సంగతి తెలుసు, నాకు పిల్లల సంగతి తెలుసు, వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే చోటొకటి ఫోన్లో మొదలుపెడదాం" అంది. పేరు కూడా వదినే పెట్టింది, పెరడు. మా అమ్మావాళ్లు మగవాళ్ల చెవిన పడకూడని మాటలన్నీ పెరటి గోడ దగ్గరే మాట్లాడుకునేవారు.

ఈ రోజు వాట్సాప్ గ్రూపు తెరిచాం. పద్నాలుగు మందిని చేర్చాను.

జూన్ 21

గ్రూపు మూసేశాను. తప్పు నాదే, ఎలా జరిగిందో దాచకుండా రాసి పెట్టుకోవాలి.

వాట్సాప్ గ్రూపులో చేరితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. నాకిది తెలియనిది కాదు, రోజూ చూసేదే, అందరూ ఒకరికొకరు తెలిసిన పిల్లలే కదా అనుకున్నాను. పిల్లలు తెలిసినవాళ్లే, వాళ్ల ఫోన్లు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తాయో మాత్రం ఆలోచించలేదు. ఒకమ్మాయి వాడేది వాళ్ల అన్న పాత ఫోన్. ఆ అన్న స్నేహితుడెవరో ఫోన్ చూసి గ్రూపులోంచి నంబర్లు రాసుకున్నాడు. పది రోజులుగా ఇద్దరికి రాత్రి పదకొండు తర్వాత కాల్స్ వస్తున్నాయి. అందులో ఒకమ్మాయి చేత వాళ్ల నాన్న సిమ్ము మార్పించాడు, కుట్టు క్లాసు కూడా మానిపించాడు.

నేనూ వదినా ఆ రెండిళ్లకీ వెళ్లాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పి క్షమించమని అడిగాం. ఒకరింట్లో కూర్చోమని టీ ఇచ్చారు. రెండో ఇంట్లో గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడారు, ఆయన కోపంలో అన్యాయమేమీ లేదు. ఆ పిల్ల లోపల తలుపు పక్క నిలబడి ఉంది, మా వైపు చూడలేదు.

జులై 6

మళ్లీ మొదలుపెట్టేముందు ఫోన్ల లెక్క తీశాం. ఆదివారం క్లాసులో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మూడు ప్రశ్నలు అడిగాం. ఫోన్ ఎవరిది, లాక్ ఎవరెవరికి తెలుసు, ఏ వేళలో నీ చేతిలో ఉంటుంది. మిగిలిన పదమూడు మందిలో సొంత ఫోన్ నలుగురికే ఉంది. ఐదుగురు అమ్మ ఫోన్ వాడతారు, ముగ్గురు అన్నదో తమ్ముడిదో, ఒకమ్మాయికి ఇంట్లో నాన్న ఫోన్ ఒక్కటే. ఆ నలుగురిలో కూడా ఇద్దరి లాక్ నంబరు ఇంటిల్లిపాదికీ తెలుసు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన ఆడవాళ్లు నూటికి 33 మంది, మగవాళ్లు 57 మంది. ఆ 33 మందిలో ఎంతమంది వేరేవాళ్ల ఫోన్ అడిగి తీసుకుని వాడుతున్నారో మా పదమూడు మందిని చూస్తే నాకు కొంత అర్థమైంది.

ఫోన్ చేతికొచ్చే వేళ చాలామందికి ఒకటే, రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. అమ్మ వంటింట్లో ఉంటుంది, లేదంటే సీరియల్ చూస్తూ ఉంటుంది. అయితే పెరడు తెరిచి ఉండేది ఆ గంటన్నరే అని నిర్ణయించాం. ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచితే, పిల్ల పడుకున్నాక వచ్చిన మెసేజ్ ఎవరి కంట పడుతుందో మన చేతిలో ఉండదు.

అదే రోజు ఇంకో పని కూడా చేశాం. అందరి వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి చూశాం. ఇద్దరి వాట్సాప్ ఇంకో చోట కూడా తెరిచి ఉంది, ఒకటి బావ లాప్‌టాప్‌లో, ఇంకోటి ఎవరిదో తెలియని కంప్యూటర్‌లో. ఆ రెండో అమ్మాయి ముఖం తెల్లబోయింది. ఎన్నాళ్ల నుంచో ఎవరో చదువుతున్నారు. అక్కడే లాగౌట్ చేయించి, టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ను పెట్టించాం, మన నంబరుతో ఇంకో ఫోన్లో వాట్సాప్ తెరవబోతే అడిగే రహస్య అంకెలవి. ఇది చదివేవాళ్లు ఒక్కసారి మీ ఇంట్లో ఆడపిల్లల ఫోన్లో ఇది చూపించండి, రెండు నిమిషాల పని.

జులై 20

వాట్సాప్ వదిలి, అలాంటిదే సిగ్నల్ అనే యాప్‌కి మారాం. ఎందుకంటే 2024 నుంచి అందులో యూజర్‌నేమ్ ఉంది, అంటే నంబరు ఇవ్వకుండానే ఇంకొకరిని కలవడానికి పెట్టుకునే పేరు. అకౌంట్ తెరవడానికి ఫోన్ నంబరు కావాలి కానీ, తర్వాత ఆ నంబరు ఎవరికీ కనిపించకుండా పెట్టుకోవచ్చు. ప్రైవసీలో ఫోన్ నంబర్ అనే చోట రెండు ప్రశ్నలుంటాయి, నా నంబరు ఎవరికి కనిపించాలి, నంబరుతో నన్ను ఎవరు వెతకగలరు. రెండింటికీ 'ఎవరూ వద్దు' అని పెట్టాలి. మొదటిది ఒక్కటి పెట్టి వదిలేస్తే సగం పనే అయినట్టు. ముందే మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రం అది కనిపిస్తూనే ఉంటుంది, ఈ ముక్క పిల్లలకి రెండుసార్లు చెప్పాను.

పేర్లు పిల్లలే పెట్టుకున్నారు. చింతచిగురు, గోరింట, సూదిమందారం, ఒకమ్మాయి మహేంద్రతనయ అని మా ఏటి పేరే పెట్టుకుంది. ఇద్దరు అక్కచెల్లెళ్లది ఒకే ఫోన్, ఒక ఫోన్లో ఒకే అకౌంట్ నడుస్తుంది, అందుకని ఇద్దరికీ కలిపి జంటకమ్మలు అని ఒకే పేరు. మాట్లాడేటప్పుడు ముందు 'పెద్దకమ్మ' అనో 'చిన్నకమ్మ' అనో రాస్తారు.

మెసేజులు ఒక రోజు తర్వాత వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాం. మొదట వారం అనుకున్నాం, అమ్మ ఫోన్ వాడే పిల్లలు వద్దన్నారు. గ్రూపు లింకు నొక్కినా అడ్మిన్ ఒప్పుకుంటే గానీ లోపలికి రాలేరు, కొత్తమ్మాయి రావాలంటే లోపల ఉన్న ఇద్దరు 'మాకు ఎదురుగా తెలుసు' అనాలి. స్క్రీన్‌షాట్ ఆపే సెట్టింగ్ కూడా ఉంది కానీ అది మన ఫోన్లో తీయడాన్నే ఆపుతుంది, అవతలివాళ్ల ఫోన్లో కాదు. ఇది పిల్లలకి తప్పకుండా చెప్పాలి, లేకపోతే యాప్ ఉంది కదా అని ధైర్యంగా ఏదైనా రాసేస్తారు.

జులై 27

వారం తిరక్కుండానే ముగ్గురి ఇళ్లలో గొడవ. "ఈ కొత్త యాప్ ఏంటి, ఎవరితో మాట్లాడడానికి?" సిగ్నల్ యాప్ గుర్తు ఫోన్లో కనిపిస్తే చాలు, వాట్సాప్ అయితే ఎవరూ అడగరు. గుర్తు దాచే దారులు ఉన్నాయి, ఒకరిద్దరు పిల్లలు అదే చేద్దామన్నారు. నేను చాలాసేపు ఊగిసలాడాను. దాచామని ఒకసారి దొరికితే ఆ పిల్ల మాట ఇంక ఎవరూ నమ్మరు, మిగతా పన్నెండు మందికీ అదే గతి. వదిన ఒకే మాట అంది, "తల్లులని పిలుద్దాం."

ఆగస్టు 3

తొమ్మిది మంది తల్లులు వచ్చారు. వదిన వాళ్లింటి పంచలో చాపలు వేశాం. నా ఫోన్లో గ్రూపు తెరిచి, పేర్లు ఎలా కనిపిస్తాయో, నంబరు ఎందుకు కనిపించదో చూపించాను. ఒకావిడ, "మరి మా గుంట ఏం రాస్తుందో మాకు చూపిస్తారా?" అని నేరుగా అడిగింది. చూపించం అని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు కొంచెం వణికింది. ప్రాణానికో మానానికో ముప్పు ఉందనిపిస్తే మాత్రం ఆ పిల్లకి చెప్పి, మీ దగ్గరికే ముందు వస్తాం, ఇంట్లోనే ముప్పు ఉంటే ఇంకొకరి దగ్గరికి వెళ్తాం అని కూడా చెప్పాను. ఆ చివరి మాటకి అందరూ కాసేపు మాట్లాడలేదు.

తర్వాత ఒక పెద్దావిడ, ఆమె మనవరాలు క్లాసుకి వస్తుంది, తన చిన్నప్పుడు నూతి దగ్గర నీళ్లు తోడుకుంటూ ఒక పిల్ల తన కష్టం చెప్పుకుంటే నలుగురూ కలిసి ఆ పిల్లని పుట్టింటికి ఎలా చేర్చారో చెప్పింది. "ఇప్పుడు నుయ్యి లేదు, కుళాయి ఇంట్లోకొచ్చింది, గుంటలు ఎక్కడ చెప్పుకుంటారు పాపం" అంది. ఆ మాటతో సగం మంది మెత్తబడ్డారు. ఇద్దరు తల్లులు ఒప్పుకోలేదు, వాళ్ల పిల్లలు ప్రస్తుతం ఆదివారం క్లాసుకి మాత్రమే వస్తారు. సరే, క్లాసులో కూడా మాట్లాడుకుంటాం.

ఆ తల్లులే తమ ఫోన్లో కూడా ఇవి నేర్పమన్నారు, అది నేను అనుకోలేదు. ముగ్గురికి ఆ సాయంత్రమే ఫోన్ లాక్ పెట్టడం నేర్పాను.

ఆగస్టు 29

ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు, 1863లో పుట్టారు. ఆయన ఉద్యోగం చేసింది, సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాసింది, జనం మాట్లాడే తెలుగులోనే చదువు ఉండాలని పోరు మొదలుపెట్టింది ఈ ఊళ్లోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు నొచ్చుకుని రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన్ని ఇవాళ తలుచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది.

పెరడు నియమాలు నేను రెండు పేజీలు రాశాను, 'గోప్యత', 'సమ్మతి', 'వేధింపు' లాంటి మాటలతో. పిల్లలు ఎవరూ చదవలేదు. బద్ధకం అనుకుని బాధపడ్డాను, తర్వాత తెలిసింది, పదకొండు మందిలో ఆరుగురు చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే, పాటలు తెలుగే, తిట్లు కూడా తెలుగే, అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటూ చదవాలి. వాళ్లు గ్రూపులో తెలుగుని ఒడియా అక్షరాల్లో రాస్తారు, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో. చక్కగా అర్థమవుతుంది. నేనే రెండు పేజీలు పట్టుకుని కూర్చున్నాను.

వాయిస్ మెసేజ్ పెడదామంటే అది కూడా చిక్కే. చిన్న ఊరు, గొంతు వింటే చాలు ఎవరింటి పిల్లో చెప్పేస్తారు. కాబట్టి పిల్లలు అక్షరాల్లో, ఏ లిపి అయినా సరే. నియమాలు మాత్రం వదిన గొంతుతో, ఎందుకంటే ఆమె గొంతు దాచక్కర్లేదు. మూడు నిమిషాలు ఉంది. "ఇక్కడి మాట ఇక్కడే. ఫోటో అడగొద్దు, పంపొద్దు. ఎవరైనా ఏడిస్తే సలహా తర్వాత, ముందు 'చదివాను, ఉన్నాను' అని రాయండి. పేరు తెలిసినా పేరుతో పిలవొద్దు." ఇవి పిల్లలు కూర్చుని చెప్పినవే, వదిన చదివింది.

ఒకటి మాత్రం నేను చేర్చాల్సి వచ్చింది, దానికి పిల్లల ముఖాలు ముడుచుకున్నాయి. 'అన్నీ రహస్యమే' అని మాట ఇవ్వలేం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. ఆ శిక్ష పద్దెనిమిది నిండని పిల్లలకి వర్తించదు, నాకూ వదినకీ, గ్రూపులో పద్దెనిమిది నిండినవాళ్లకీ వర్తిస్తుంది. ఈ సంగతి పిల్లలకి మొదటిరోజే తెలియాలి. నమ్మి చెప్పుకున్నాక 'ఇది నేను దాచలేను' అంటే అంతకన్నా ద్రోహం లేదు. గోరింట అడిగింది, "అయితే భయపడి ఎవరూ చెప్పరేమో అప్పా?" నిజమే, కొందరు చెప్పకపోవచ్చు. అయినా ముందే తెలిసి ఎవరికి వాళ్లు నిర్ణయించుకోవడమే న్యాయం అనిపించింది. చెబితే స్టేషన్లో ఏం జరుగుతుందో కూడా వివరించాను, వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని ఆడ ఆఫీసరు, యూనిఫాం లేకుండా, పిల్ల కోరిన చోటికే వచ్చి మాట రాసుకోవాలి, రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు, పేరు పత్రికల్లో రాకూడదు.

సెప్టెంబరు 19

ఆ నియమం పెట్టి నెల కాకుండానే అవసరం పడింది. ఆ అమ్మాయిని అడిగి, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

పదిహేడేళ్లు. అబ్బాయిది ఏటికి అవతల ఆంధ్రా వైపు. ఒకప్పుడు పంపిన ఫోటో పట్టుకుని, మాట్లాడకపోతే అందరికీ పంపుతానని బెదిరిస్తున్నాడు. రాత్రి ఎనిమిదీ నలభైకి గ్రూపులో 'నాకు బతకాలని లేదు' అని రాసింది. పది నిమిషాల్లో ఏడుగురు రాశారు, 'చదివాను, ఉన్నాను'. ఎవరూ 'ఎందుకు పంపావు' అనలేదు. అప్పుడు కాపలా వంతు చింతచిగురుది, గ్రూపుని కనిపెట్టుకుని రోజుకి ఇద్దరు చొప్పున కాపలా ఉంటారు, ఆమె వెంటనే నాకు ఫోన్ చేసింది. తొమ్మిది కల్లా నేనూ వదినా ఆ అమ్మాయి వీధి చివర ఉన్నాం. ఆ రాత్రి ఆమెని ఒంటరిగా ఉంచలేదు. ఫోన్లో 14416 కూడా కలిపి మాట్లాడించాం, టెలి మానస్ అది, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడేవాళ్లు దొరికారు.

మర్నాడు తల్లికి చెప్పాం. పిల్లే చెప్పింది, మేం పక్కన కూర్చున్నాం. తర్వాత చేసినవి వరసగా రాస్తున్నాను, ఎవరికైనా అవసరం కావచ్చు. అతని మెసేజులు చెరపలేదు, బ్లాక్ చేయకముందే నంబరు, తేదీ, ప్రొఫైల్ అన్నీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాం. ఆ ఫోటోని మాత్రం ఎవరి ఫోన్‌కీ పంపించుకోలేదు, నాక్కూడా, పద్దెనిమిది లోపు పిల్లలవి అలాంటి ఫోటోలు సాక్ష్యం కోసమని పంపించుకున్నా చిక్కే. టేక్ ఇట్ డౌన్ అనే సైటులో పెట్టాం, పద్దెనిమిది నిండకముందు తీసిన ఫోటోల కోసం ఉన్నది, పెద్దవాళ్లకైతే స్టాప్ ఎన్‌సీఐఐ ఉంది. రెండింట్లోనూ ఫోటో మన ఫోన్ దాటి పోదు, దానికి వేలిముద్ర లాంటి ఒక అంకెల వరస తయారై అది మాత్రమే వెళ్తుంది, ఒప్పుకున్న కంపెనీలు ఆ ముద్రకి సరిపోలే ఫోటోని తమ దగ్గర ఆపుతాయి. వాట్సాప్ లాంటి చాట్‌లలో చేతులు మారే ఫోటోని దీంతో ఆపలేం. ఆ మాట తల్లికి చెప్పడం నాకు చాలా కష్టమైంది.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టాం. అందరికీ 1930 నోటికొచ్చు, అది ముఖ్యంగా డబ్బు పోయినప్పటి నంబరు. పిల్లలకైతే 1098, ఆడవాళ్లకి 181.

స్టేషన్లో మొదట, "అబ్బాయి అవతల రాష్ట్రం కదా, అక్కడే ఇవ్వండి" అన్నారు. సరిహద్దులో ఉన్నవాళ్లకి ఇది కొత్త కాదు, ఏ పనికి వెళ్లినా ఏరు దాటమంటారు. ఈసారి ప్రింటు తీసుకుని వెళ్లాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త నేర విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్, దాని 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలి. జిరాక్స్ షాపు ఉన్నందుకు ఆ కాగితం తీసుకెళ్లగలిగాను. రెండు గంటలు పట్టింది, తీసుకున్నారు.

అక్టోబరు 12

కేసు నడుస్తోంది, దాని గురించి ఇంక రాయను. అమ్మాయి క్లాసుకి వస్తోంది, జాకెట్టు చేతులు కుట్టడం దాకా వచ్చింది.

పెరట్లో ఎప్పుడూ ఇలాంటివే అనుకోకండి. చాలా రాత్రులు మామూలు మాటలే. నెలసరి నొప్పికి స్కూల్లో సెలవు ఎలా అడగాలి, నర్సింగుకి బరంపురంలో చేరాలా శ్రీకాకుళంలో చేరాలా, అక్కడ ఒడియా మీడియం సర్టిఫికెట్‌తో ఇబ్బంది ఉంటుందా, తమ్ముడికి ఫోన్ కొన్నారు నాకెందుకు కొనలేదు. ఈ చివరి ప్రశ్న మీద నాలుగు రోజులు నడిచింది, సూదిమందారం వాళ్ల నాన్నని అడిగేసింది కూడా. కొనలేదు. కానీ రాత్రి గంటన్నర ఆయన ఫోన్ లాక్ తీసి ఇస్తున్నాడు, ఎవరితోనని అడగడం లేదు.

కాపలా వాళ్లకి వారానికి రెండు రోజులకి మించి వంతు వేయొద్దని నిర్ణయించాం. సెప్టెంబరు రాత్రి తర్వాత చింతచిగురు మూడు రోజులు సరిగ్గా తినలేదట, వాళ్లమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు. ఇప్పుడు బరువైన మాట ఏది వచ్చినా కాపలా పిల్ల చేయాల్సింది ఒక్కటే, మాకు ఫోన్ చేయడం. మర్నాడు ఆ కాపలా పిల్లతో వదిన కూర్చుని మాట్లాడుతుంది. ఇది మొదటే పెట్టాల్సింది.

నవంబరు 2

పద్దెనిమిది మందయ్యాం. ఆగస్టులో ఒప్పుకోని ఇద్దరు తల్లుల్లో ఒకామె తనే వచ్చి పిల్లని చేర్చింది.

నిన్న రాత్రి తొమ్మిదీ పదికి లింకు దగ్గర రెండు పేర్లు వచ్చి ఆగి ఉన్నాయి. ఒకటి 'పాతసిమ్ము'. చూడగానే గుండె ఆగినట్టైంది. ఆ మొదటి గ్రూపులో రాత్రి కాల్స్ వచ్చిన అమ్మాయి, మేం వెళ్తే తలుపు పక్క నిలబడి మా వైపు చూడనిది. నియమం నియమమే కదా, ఎదురుగా తెలిసిన ఇద్దరు ఉన్నారా అని గ్రూపులో అడిగాను. తొమ్మిది మంది ఒకేసారి 'మాకు తెలుసు' అని రాశారు. లోపలికి రాగానే ఆమె రాసిన మొదటి మాట, "నంబర్లు కనిపించవు కదా?" కనిపించవు అని సెట్టింగుల ఫోటో తీసి పెట్టాను. కాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, "ఆ రెండో ఆమె మా చిన్నాన్న కూతురు, కాశీనగర్‌లో ఉంటుంది, నాకు ఎదురుగా తెలుసు, ఇంకొకరు కావాలి కదా, ఆదివారం తీసుకొస్తా, చూసి చెప్పండి" అని రాసింది.

ఆదివారం కాశీనగర్ మీదుగా గుణుపూర్ రైలు వచ్చే టైముకి వదిన స్టేషనుకి వెళ్తానంది.